మరగకుండా ఆగిన చుక్క

అనంతపురంలో ఇంటర్ పిల్లలకు అణుకేంద్రకం పాఠం చెబుతూ, ఝార్ఖండ్‌లోని జాదూగూడ యురేనియం గనిలో మన శాస్త్రవేత్తలు కృష్ణ పదార్థం కోసం ప్రయోగశాల పెట్టారని మాటవరసకు అన్నాను. వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. వాళ్ల నాయనకు కార్ల ఏసీలు బాగుచేసే షెడ్డు ఉంది. "సార్, అంత సన్నని దాన్ని పట్టుకోవాలంటే సద్దు లేని చోట ఎతకల్ల గదా? యురేనియం గనిలో రేడియేషన్ ఉంటాది. మళ్లా ఆడికే పోయి ఎందుకు ఎతకల్ల?" అన్నాడు.

క్లాసులో ఇంతకంటే మంచి ప్రశ్న రాదు. దీనికి సగం జవాబు రాతిలో ఉంది, మిగతా సగం ఒక యంత్రంలో ఉంది. ఆ యంత్రం గుండెకాయ ఏదో చెబితే ఆ పిల్లవాడు నమ్మలేదు. వాళ్ల షెడ్డులో సిలిండర్లకొద్దీ ఉండే ఆర్-134ఎ. కారు ఏసీలో చల్లదనం మోసే ఆ ద్రవమే జాదూగూడ గనిలో కృష్ణ పదార్థానికి వల.

కృష్ణ పదార్థం గురించి మీరు చదివే ఉంటారు. గెలాక్సీల అంచుల్లో నక్షత్రాలు తిరిగే వేగం చూస్తే, కంటికి కనిపించే పదార్థం బరువు ఒక్కటే వాటిని పట్టి ఉంచలేదు. విశ్వంలోని పదార్థంలో సుమారు 85 శాతం మనకు కనిపించనిదే. మన సౌర కుటుంబం దగ్గర దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.3 గిగా ఎలక్ట్రాన్ వోల్టులని అంచనా. అది కణాల రూపంలో ఉండి, ఒక్కో కణం ప్రోటాన్‌కు సుమారు నూరు రెట్లు బరువుందనుకుంటే, లీటరు సీసాలో ఎప్పుడు చూసినా మూడు కణాలుంటాయి. సూర్యుడితో పాటు మనం గెలాక్సీలో సెకనుకు 220 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతున్నాం. ఆ లెక్కన బొటనవేలి గోరంత చోటు గుండా సెకనుకు అరవై వేలకు పైగా కణాలు దాటిపోతుండాలి. ఇన్ని దాటిపోతున్నా దేన్నీ తాకవు. నెలలకో ఏళ్లకో ఒక్కటి మాత్రం, కిలోల కొద్దీ పదార్థంలో ఏదో ఒక అణుకేంద్రకాన్ని ఢీకొని కాస్త కదిలిస్తుందన్న ఆశతోనే ఈ యంత్రాలన్నీ పుట్టాయి.

ఆ కదలికను గుర్తించడం ఒక పని. అంతకంటే పెద్ద పని, అదే పరికరాన్ని రాత్రింబవళ్లు కదిలించే వేరే కణాలన్నిటినీ తీసి పక్కన పెట్టడం.

*

అరచేయి చాపండి. దాని గుండా సెకనుకు ఒకటో రెండో మ్యూయాన్లు పోతున్నాయి. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు వాతావరణం పైపొరలో గాలి అణువులను గుద్దినప్పుడు పుట్టిన కణాలివి. ఇంటి స్లాబు వీటికి అడ్డం కాదు. వందల మీటర్ల రాయి ఉండాలి. మన జిల్లాలో నీళ్ల కోసం వెయ్యి అడుగుల బోరు వేయడం వింత కాదు. అది 300 మీటర్ల లోతు. జాదూగూడ ప్రయోగశాల 555 మీటర్ల కింద ఉంది, అంటే దాదాపు 1,820 అడుగులు. అక్కడికి చేరేసరికి మ్యూయాన్లు నేలమీద ఉన్న సంఖ్యలో సుమారు లక్షో వంతుకు పడిపోతాయి. పిల్లవాడి ప్రశ్నకు మొదటి సగం జవాబు ఇదే. గని యురేనియందా, బంగారానిదా అన్నది తర్వాత సంగతి. ముందు కావలసింది లోతు. లోతు తవ్వడానికి ఏ ప్రయోగశాలకూ డబ్బు చాలదు, గనులవాళ్లు తవ్విపెట్టిన చోటికి దిగాల్సిందే.

ఈ విద్యలో మన దేశం ఎవరి వెనకా లేదు. పైగా మన దేశంలో అది మన పొరుగునే, కోలారు బంగారు గనుల్లో మొదలైంది. మన రామగిరిలో బంగారమిచ్చిన ధార్వాడ్ శిలలే కోలారువి కూడా. ఆ పట్టీ దక్షిణంగా సాగి కుప్పం దగ్గరి చిగురుకుంట దాకా వస్తుంది. టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచి బి.వి.శ్రీకంఠన్ 1951లోనే పరికరాలు పట్టుకుని కోలారు గనిలో దిగారు. ఏ లోతుకు ఎన్ని మ్యూయాన్లు మిగులుతాయో లెక్కగట్టడం ఆ రోజుల్లో పని. 1960ల మొదట్లో జపాన్‌కు చెందిన మియాకే, మనవాళ్లు నరసింహం, రమణమూర్తి కలిసి ఇంకా కిందికి, ఇంకా కిందికి పోయారు. లెక్క తగ్గుతూ వచ్చింది. అన్నిటికంటే లోతైన చోట రెండు నెలల పాటు పరికరం నడిపితే ఒక్క మ్యూయాన్ కూడా నమోదు కాలేదు.

ఆ సున్నా నాకు చాలా ఇష్టం. రెండు నెలల శ్రమకు ఖాళీ కాగితం మిగిలిందని వాళ్లు అనుకోలేదు. ఇంత ప్రశాంతమైన చోటు భూమ్మీద ఇంకెక్కడా దొరకదు, ఇక్కడైతే న్యూట్రినోను పట్టవచ్చు అనుకున్నారు. వాతావరణంలో పుట్టే న్యూట్రినోలకు రాయి అడ్డం కాదు, భూగోళం ఆ వైపు నుంచి ఈ వైపుకు దూసుకొస్తాయి. ఎప్పుడో ఒకటి గని చుట్టుపక్కల రాతిలో ఢీకొని మ్యూయాన్‌ను పుట్టిస్తుంది. దాన్ని పైనుంచి వచ్చే మామూలు మ్యూయాన్ నుంచి విడదీయడమెలా? ఇక్కడ వాళ్లు వేసిన ఎత్తు గొప్పది. అంత లోతుకు చేరే మామూలు మ్యూయాన్లు దాదాపు నిట్టనిలువుగానే వస్తాయి. ఏటవాలుగా వచ్చేదానికి దారిలో రాయి మరీ ఎక్కువ, మధ్యలోనే ఆగిపోతుంది. న్యూట్రినో పుట్టించిన మ్యూయాన్ మాత్రం అడ్డంగానైనా వస్తుంది. అందుకని పరికరాన్ని నేలమీద పరచకుండా, కణం దాటితే మెరిసే సింటిలేటర్ పలకలతో రెండు నిలువు గోడలు ఎదురెదురుగా కట్టారు. రెండు గోడలూ ఒకేసారి మెరిస్తే ఏదో అడ్డంగా దాటిందన్న మాట. వెంటనే గోడల మధ్య పేర్చిన నియాన్ గొట్టాలకు హైవోల్టేజీ తగులుతుంది. కణం దాటిన గొట్టాలు మాత్రమే వెలుగుతాయి, కెమెరా ఆ గీతను ఫొటో తీస్తుంది.

అదే సమయంలో దక్షిణాఫ్రికాలో, జొహానెస్‌బర్గ్ దగ్గర 3.2 కిలోమీటర్ల లోతున్న ఈస్ట్ రాండ్ బంగారు గనిలో ఫ్రెడరిక్ రైన్స్ బృందం ఇదే వేటలో ఉంది. న్యూట్రినోను మొట్టమొదట పట్టినవారిలో ఒకడు రైన్స్. కోలారు వైపు టాటా ఇన్‌స్టిట్యూట్, జపాన్ ఒసాకా, ఇంగ్లండ్ డర్హమ్ బృందాలు కలిసి 2.3 కిలోమీటర్ల లోతులో కాచుకున్నాయి. రైన్స్‌కు తొలి జాడ 1965 ఫిబ్రవరిలో దొరికింది, కోలారుకు కొద్ది వారాల తర్వాత. కానీ పత్రిక అచ్చులో కోలారు ముందుంది: వాళ్ల వ్యాసం ఆగస్టు 15న, రైన్స్ వ్యాసం ఆగస్టు 30న వెలువడ్డాయి. ఎవరు ముందన్న తీర్పు నేను చెప్పను. రెండు ఖండాల బంగారు గనుల్లో రెండు బృందాలు ఒకే ఏడాది, ఒకే కణాన్ని, వేర్వేరు పరికరాలతో పట్టాయి. దానివల్లే ప్రపంచం నమ్మింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కృష్ణ పదార్థం దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

కోలారు ఇంకో ముడి వేసి వెళ్లింది. ఆ ఫొటోల్లో కొన్నింటిలో రెండు మూడు గీతలు ఒకే బిందువు నుంచి విచ్చుకున్నాయి. ఆ బిందువు రాతిలో లేదు. రాతికీ పరికరానికీ మధ్య గాలిలోనో, పరికరంలోని పలచని సామానులోనో ఉంది. న్యూట్రినో ఢీకొనడానికి అక్కడ పదార్థమే లేదు. అలాంటివి ఐదు దొరికాయని 1975లో ప్రకటించారు. ఏదో బరువైన కొత్త కణం గాల్లోనే విచ్ఛిన్నమైందా అన్నది ప్రశ్న. వేరే ప్రయోగశాలలు వెతికితే అలాంటి కణం దొరకలేదు. 2014లో చెన్నైకి చెందిన ఎం.వి.ఎన్.మూర్తి, జి.రాజశేఖరన్ ఆ పాత ఫొటోల ముడి మళ్లీ విప్పబోయారు. ప్రోటాన్‌కు ఐదు నుంచి పది రెట్లు బరువుండి, విశ్వం వయసంత ఆయుష్షుతో నెమ్మదిగా విచ్ఛిన్నమయ్యే కృష్ణ పదార్థ కణమైతే ఈ గీతలకు అర్థం కుదురుతుందని ప్రతిపాదించారు. అది ప్రతిపాదనే, రుజువు కాదు. పెద్ద పరికరంతో మళ్లీ చూస్తే తప్ప తేలదు.

*

ఇక పిల్లవాడి ప్రశ్నలో రెండో సగం. పైనుంచి వచ్చేవాటిని రాయి ఆపుతుంది సరే, రాయి నుంచే వచ్చేవాటి మాటేమిటి? యురేనియం గనుల్లోనే కాదు, మన పెనుకొండ గ్రానైటులోనైనా యురేనియం, థోరియం ఛాయలుంటాయి. జాదూగూడ ఖనిజంలోనూ వెయ్యి పాళ్లకు ఒక పాలు యురేనియం ఉండదు. ఏ గని గోడ నుంచైనా గామా కిరణాలు వస్తాయి, గాలిలో రాడాన్ ఉంటుంది. కృష్ణ పదార్థం తాకిడి ఏడాదికి ఒకటి రావచ్చేమోనన్న చోట గామాలు, బీటాలు లక్షల్లో వస్తాయి. సీసం గోడలు కట్టి తగ్గించవచ్చు, పూర్తిగా ఆపలేం. అందుకని పరికరాన్నే గామా కిరణాలను పట్టించుకోనిదిగా తయారు చేయాలి. ఆర్-134ఎ చుక్క చేసే పని అదే.

ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబులో స్వేదనం చేసేటప్పుడు ఫ్లాస్కులో పింగాణి ముక్కలు రెండు వేయమంటాం. ఎందుకో చాలామంది అడగరు. నునుపైన గాజుపాత్రలో, దుమ్మూ బుడగా లేని ద్రవం మరిగే ఉష్ణోగ్రత దాటినా మరగకుండా ఉండిపోగలదు. ఆవిరిగా మారాలని దానికున్నా, ఎక్కడ మొదలుపెట్టాలో దారి దొరకదు. ఆ తర్వాత ఏ కాస్త కదిలినా ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది. పింగాణి ముక్క గరుకుదనంలో దాగిన గాలి బుడగలు మరగడానికి మొదలిస్తాయి, ఆ ప్రమాదం తప్పుతుంది. ల్యాబులో మనం తప్పించే ఆ స్థితినే ఈ యంత్రం కోరి తెచ్చుకుంటుంది. దాన్ని అతితప్త ద్రవం అంటారు.

దారి ఎందుకు దొరకదో చూద్దాం, యంత్రం తెలివంతా అక్కడే ఉంది. మరగడమంటే ద్రవం లోపల ఆవిరి బుడగ పుట్టి పెరగడం. పుట్టిన బుడగ మీద రెండు బలాలు పనిచేస్తాయి. లోపలి ఆవిరి పీడనం దాన్ని విప్పాలని చూస్తుంది, చుట్టూ ఉన్న తలతన్యత నొక్కేయాలని చూస్తుంది. బుడగ ఎంత చిన్నదైతే తలతన్యత పట్టు అంత గట్టిది. ఒక హద్దుకు లోపలున్న బుడగ నలిగి మాయమవుతుంది. హద్దు దాటిన బుడగ ఇక ఆగదు, చుక్క మొత్తాన్నీ ఆవిరి చేసేదాకా పెరుగుతుంది. ఈ హద్దు వ్యాసార్థాన్ని కట్టడం తేలిక: తలతన్యతకు రెండింతలు తీసుకుని, లోపలి పీడనానికీ బయటి పీడనానికీ ఉన్న తేడాతో భాగిస్తే చాలు.

ఆర్-134ఎ మరిగే ఉష్ణోగ్రత మామూలు వాతావరణ పీడనం దగ్గర సున్నాకు 26 డిగ్రీలు తక్కువ. ఏసీ మెకానిక్‌లకు ఇది చేత్తో తెలిసిన సంగతి. గొట్టం ఊడదీసేటప్పుడు చర్మం మీద పడితే ఠక్కున ఆవిరై మంచులా గడ్డకట్టించి పుండు చేస్తుంది. అలాంటి ద్రవాన్ని 35 డిగ్రీల వెచ్చదనంలో, మామూలు పీడనంలో, సిలిండరు లేకుండా, ద్రవంగానే ఉంచితే? అది మరిగే హద్దును 61 డిగ్రీలు దాటి నిలబడినట్టు. ఆ స్థితిలో హద్దు బుడగ వ్యాసార్థం లెక్కిస్తే సుమారు 17 నానోమీటర్లు వస్తుంది. అంత బుడగను పుట్టించడానికి కావలసిన శక్తి సుమారు 2 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, పొట్టిగా 2 కేఈవీ. అదే 25 డిగ్రీల దగ్గరైతే వ్యాసార్థం 30 నానోమీటర్లకు చేరువ, శక్తి సుమారు 6 కేఈవీ. పది డిగ్రీలు పెంచితే గుమ్మం మూడో వంతుకు దిగింది. ఈ యంత్రంలో తిప్పాల్సిన ముఖ్యమైన మీట ఉష్ణోగ్రత ఒక్కటే. ఎలక్ట్రానిక్స్ మార్చనక్కర్లేదు, వేడి మారిస్తే చాలు.

ఇప్పుడు గామాల సంగతి. గామా కిరణం ద్రవంలో ఎలక్ట్రాన్‌ను ఎగరగొడుతుంది. ఆ ఎలక్ట్రాన్ దగ్గర వందల కేఈవీల శక్తి ఉండవచ్చు. మనకు కావలసిన 2 కేఈవీకి అది ఎన్నో రెట్లు. అయినా బుడగ పుట్టదు. ఎందుకంటే ఎలక్ట్రాన్ తన శక్తిని దారి పొడవునా పలచగా చల్లుకుంటూ పోతుంది. వేగంగా పోయేది మైక్రోమీటరు దూరానికి పావు కేఈవీ మాత్రమే ఇస్తుంది. హద్దు బుడగ వెడల్పు మైక్రోమీటరులో ముప్పయ్యో వంతు. అంత చోటులో ఎలక్ట్రాన్ వదిలే శక్తి ఒక కేఈవీలో నూరో వంతు. బుడగకు కావలసినదానిలో అది రెండొందల వంతుల్లో ఒకటి కూడా కాదు. దాని దగ్గర మొత్తం శక్తి ఎంతున్నా, ఆ చిన్న చోటులో చాలదు.

ఆర్-134ఎ అణువులో ఫ్లోరిన్ ఉంటుంది. కృష్ణ పదార్థ కణం తాకిన ఫ్లోరిన్ కేంద్రకం సంగతి వేరు. అది బరువైనది, నెమ్మదైనది. తనకు అందిన నాలుగో పదో కేఈవీలను పదుల నానోమీటర్ల దూరంలోనే కుమ్మరించి ఆగిపోతుంది. ఆ శక్తంతా ఒకే చోట పడుతుంది కాబట్టి హద్దు దాటిన బుడగ పుడుతుంది, చుక్క పేలుతుంది. ద్రవం మొత్తం శక్తిని చూడదు, ఒక్క చోట ఎంత పడిందన్నదే చూస్తుంది. కంప్యూటరు, సాఫ్ట్‌వేరు ఏదీ లేకుండా లక్షల గామాలను వదిలేసి ఒక్క కేంద్రకం తాకిడిని ఎంచుకునే తీర్పు తలతన్యత ఇస్తోంది. భౌతిక శాస్త్రంలో ఇంత పొదుపైన ఏర్పాటు నేను ఎక్కువగా చూడలేదు. దీనికీ హద్దుంది. ఉష్ణోగ్రతను మరీ పెంచితే హద్దు బుడగ మరీ చిన్నదై, గామాలకు కూడా చుక్కలు పేలడం మొదలవుతుంది. ఆ గీతకు ఇవతల ఎంత దగ్గరగా నిలబడగలమన్నదే ప్రయోగం నేర్పు.

*

అతితప్త ద్రవంతో కణాలను చూడవచ్చని చూపినవాడు డొనాల్డ్ గ్లేసర్. 1952లో బుడగల గదిని తయారుచేసి 1960లో నోబెల్ అందుకున్నాడు. కానీ ఆ గదిలో ఒక చోట మరగడం మొదలైతే ద్రవమంతా మరుగుతుంది. వెంటనే నొక్కి మళ్లీ ద్రవం చేయాలి, మళ్లీ వదలాలి. యాక్సిలరేటర్ నుంచి కణాలు ఎప్పుడొస్తాయో ముందే తెలుసు కాబట్టి అక్కడ అది కుదిరింది. కృష్ణ పదార్థం చెప్పి రాదు. యంత్రం ఏళ్ల తరబడి ఆగకుండా మేలుకుని ఉండాలి.

అమెరికాలో రాబర్ట్ ఆప్ఫెల్ 1979లో వేరే అవసరానికి, న్యూట్రాన్‌లను కొలవడానికి, దీనికి దారి చూపాడు. ద్రవాన్ని ఒక పాత్రలో నింపకుండా సన్నని చుక్కలుగా విడగొట్టి, జిగురులాంటి జెల్‌లో వేలాడదీశాడు. జెల్ మెత్తగా, గరుకు లేకుండా చుక్కను నలుదిక్కులా పట్టి ఉంచుతుంది కాబట్టి అంచుల దగ్గర అకారణంగా మరగదు. ఒక చుక్క పేలితే అదొక్కటే ఆవిరవుతుంది, పక్క చుక్కలు కదలవు. ప్రతి చుక్కా తనంతట తాను ఒక బుడగల గది. ఒక్కో పాత్రలో వేలకొద్దీ అలాంటివి. తయారీ కూడా చేతికందేదే. పీడనం తట్టుకునే పాత్రలో జెల్, ద్రవం కలిపి మర తిప్పితే చుక్కలు విడిపోతాయి. తర్వాత పీడనాన్ని నెమ్మదిగా వదిలితే, మరగాల్సిన ద్రవం మరగకుండా చుక్కలుగా ఆగిపోతుంది.

పేలిందని తెలిసేదెలా? చుక్క ఆవిరైనప్పుడు దాని పరిమాణం దాదాపు మూడొందల రెట్లవుతుంది. ఆ తోపుడుకు జెల్‌లో శబ్ద తరంగం పుడుతుంది. పాత్రకు తగిలించిన పియజో సెన్సరు దాన్ని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. పాడైన బజర్ విప్పితే లోపల ఇత్తడి రంగు పియజో బిళ్ల ఉంటుంది. దానికి రెండు తీగలు అతికి, చిన్న ఆంప్లిఫయరుకు కలిపి, బల్లకు అంటించి చూశాం. బల్ల మీద ఆవగింజ పడితే స్పీకరులో టక్కున వినిపించింది. గనిలో పని ఇదే సూత్రం మీద నడుస్తుంది, అక్కడి సెన్సరు ఇంకా చురుకైనది.

ఈ శబ్దంలోనే ఇంకో వరం దాగి ఉందని తర్వాత తేలింది. గామాలకు లొంగని ఈ చుక్కకు ఆల్ఫా కణాలంటే లొంగుబాటు తప్పదు. రాడాన్ నుంచి, పాత్ర గోడల్లోని యురేనియం ఛాయల నుంచి వచ్చే ఆల్ఫా తన శక్తిని చిక్కగా వదులుతుంది, చుక్క పేలుతుంది. చాలాకాలం ఇదే ఈ పద్ధతికి పెద్ద అడ్డంకి. కెనడాలో పికాసో ప్రయోగం చేస్తున్నవాళ్లు 2008లో గమనించిందేమిటంటే, ఆల్ఫా వల్ల పేలిన చుక్క ఎక్కువ చప్పుడు చేస్తుంది. కేంద్రకం తాకిడిలో బుడగ ఒకే చోట పుడుతుంది. ఆల్ఫా పదుల మైక్రోమీటర్లు పోతుంది కాబట్టి దారి పొడవునా ఒకేసారి చాలా చోట్ల బుడగలు పుడతాయి. తొలి క్షణంలో వాటి చప్పుళ్లు కలిసి పెద్దవవుతాయి. రాడాన్ ఉన్న గనిలో ఈ యంత్రం పనికొస్తుందా అన్న అనుమానానికి ఇది సగం విరుగుడు.

మిగిలింది న్యూట్రాన్. ఇది కృష్ణ పదార్థం చేసినట్టే కేంద్రకాన్ని తాకుతుంది, అదే చప్పుడు చేస్తుంది. శబ్దం విని విడదీయలేం. అమెరీషియం, బెరీలియం కలిపిన న్యూట్రాన్ మూలాన్ని దగ్గర పెట్టి ఈ యంత్రాలను సరిచూసేది కూడా అందుకే. దీనికి రెండే మందులు. హైడ్రోజన్ ఎక్కువున్న నీళ్లనో ప్లాస్టిక్‌నో చుట్టూ గోడగా పెట్టి న్యూట్రాన్‌లను నెమ్మదింపజేయడం ఒకటి. న్యూట్రాన్ ఒక చోట తాకి ఊరుకోదు, తరచూ రెండు మూడు చోట్ల తాకుతుంది కాబట్టి ఒకేసారి రెండు బుడగలొస్తే దాన్ని లెక్కలోంచి తీసేయడం రెండోది. కృష్ణ పదార్థ కణం ఒకే యంత్రంలో రెండుసార్లు తాకే అవకాశం దాదాపు లేదు.

*

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. పికాసో, అమెరికాలోని కూప్ బృందం కలిసి పికో అయ్యాయి. కెనడా సడ్‌బరీ దగ్గరి నికెల్ గనిలో, రెండు కిలోమీటర్ల లోతులో, 52 కిలోల ఫ్లోరిన్ ద్రవంతో నడిపిన పికో-60 ఫలితం 2017లో వచ్చింది: అనుమానించదగ్గ తాకిడి ఒక్కటీ లేదు. అమెరికాలో హోమ్‌స్టేక్ అనే పాత బంగారు గనిలో 10 టన్నుల ద్రవ జినాన్‌తో ఎల్‌జెడ్ యంత్రం నడుస్తోంది, బరువైన కణాల వేటలో అన్నిటికంటే ముందున్నవాటిలో అదొకటి. 2024లో 280 రోజుల లెక్క చెప్పింది, అక్కడా ఏమీ దొరకలేదు. ఇటలీ గ్రాన్ సాసో సొరంగంలో సోడియం అయొడైడ్ స్ఫటికాలతో పనిచేసిన డామా బృందం మాత్రం సంవత్సరంలో ఎక్కువ తక్కువలయ్యే సంకేతం కనిపిస్తోందని 1990ల చివరి నుంచీ చెబుతోంది. అదే స్ఫటికంతో కొరియాలో, స్పెయిన్‌లో చేసినవాళ్లకు అది కనిపించలేదు. 1965లో రెండు గనులు ఒకే మాట చెప్పాయి కాబట్టి నమ్మాం. ఇక్కడ ఒక ప్రయోగశాల చెప్పింది, మిగతావి కాదన్నాయి. నమ్మకం కుదరలేదు.

టన్నుల జినాన్ ముందు మన చుక్కకు చోటెక్కడ? క్యారమ్స్ ఆడినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. స్ట్రైకర్ బరువుకు దగ్గరి బరువున్న కాయకే దెబ్బలో ఎక్కువ పాలు అందుతుంది, మరీ బరువైనదాన్ని కొడితే స్ట్రైకరే వెనక్కి తిరుగుతుంది. కృష్ణ పదార్థ కణం ప్రోటాన్‌కు ఐదు రెట్ల బరువే ఉంటే, బరువైన జినాన్ కేంద్రకానికి దాని శక్తిలో గరిష్ఠంగా 15 శాతం అందుతుంది. ఫ్లోరిన్‌కు సుమారు 70 శాతం, కార్బన్‌కు 85 శాతం అందుతాయి. ఆర్-134ఎ అణువులో రెండు కార్బన్లు, రెండు హైడ్రోజన్లు, నాలుగు ఫ్లోరిన్లు. అన్నీ తేలికవే. మూర్తి, రాజశేఖరన్ కోలారు ఫొటోలకు ఊహించిన బరువు కూడా ఆ చుట్టుపక్కలదే. కోల్‌కతా సాహా ఇన్‌స్టిట్యూట్ బృందం జాదూగూడలో ఇండెక్స్ పేరుతో ఈ చుక్కలను నడపడం వెనక ఉన్న లెక్క ఇది. బరువైన కణాల బరిలో మనం పోటీకి నిలవలేం. తేలిక కణాల మూలను ఇంకా పూర్తిగా వెతకలేదు, అక్కడ చిన్న యంత్రానికి పని ఉంది. ప్రతి సున్నా ఆ మూలను కొంచెం చిన్నది చేస్తుంది. ఏ బరువు, ఏ బలం ఉన్న కణం లేదో తేల్చి చెబుతుంది.

అయితే యంత్రం ఎంత తెలివైనదైనా దిగడానికి లోతు ఉండాలి. ఆ లోతును మనం చేజేతులా వదులుకున్నాం. కోలారులో ప్రోటాన్ విచ్ఛిన్నం కోసం 1980ల్లో పెట్టిన ప్రయోగాలు 1990ల మొదట్లో ఆగాయి. 2001లో గనులే మూతపడ్డాయి, పంపులు ఆపారు, సొరంగాల్లో నీళ్లు నిండాయి. తమిళనాడు బోడి కొండల్లో తలపెట్టిన న్యూట్రినో ప్రయోగశాల నిరసనల్లో, అనుమతుల చిక్కుల్లో ఆగింది. జాదూగూడ ప్రయోగశాల తెరుచుకున్నది 2017లో. మధ్యలో పాతికేళ్లు, కోలారులో అంత లోతుకు దిగిన దేశపు విద్యార్థులకు సొంత దేశంలో దిగడానికి గని లేదు. ఆ పాతికేళ్లలోనే కెనడా, అమెరికా గనులను ప్రయోగశాలలుగా మార్చుకున్నాయి.

బంగారం ధర లెక్క చూసి గని మూయడం ఆర్థికులు చేసే పని, దాన్ని తప్పుపట్టను. ఆ లెక్కలో ఇంకొక గడి ఉండాలి. మన కడప జిల్లా తుమ్మలపల్లెలో గానీ, మరెక్కడ గానీ, ఏ గనినైనా మూసే రోజు వస్తే, పంపు ఆపే ముందు ఆ లోతుకు వేరే గిరాకీ ఉందా అని భౌతిక శాస్త్రవేత్తలను అడగాలి. ఒక్క అంతస్తును, ఒక్క లిఫ్టును, కరెంటును నిలబెట్టడానికయ్యే ఖర్చు, అలాంటి గనిని మళ్లీ తవ్వడానికయ్యే ఖర్చు ముందు ఏపాటిది? ఆర్-134ఎ, జెల్, పియజో సెన్సర్లు మన యూనివర్సిటీలకు అందని వస్తువులు కావు. చుక్కలు చేయడం, వాటి చప్పుడు వినడం మన ఎమ్మెస్సీ పిల్లలు నేర్చుకోగలరు. వాళ్లకు దిగడానికి లోతు చూపించడం ప్రభుత్వం పని.